కస్తూరి ఎవరికీ నచ్చలేదు

కథల్లో చెడ్డవాళ్ళు ఉండకూడదు. ఒక్కరు కూడా!

ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు, పాఠకుల తీర్పు. ఈ రోజుల్లో ఫోన్‌లో కథ పెట్టడం ఆలస్యం, "ఆ క్యారెక్టర్ నాకు నచ్చలేదు" అని కామెంట్ వచ్చేస్తుంది. కథ ఎలా ఉందో చెప్పరు. మనిషి మంచిదా కాదా అన్నదే చెబుతారు. కొందరు రచయితలు దీన్ని పెద్ద పీడగా భావించి తల పట్టుకుంటారట. నేను మాత్రం ఇది వరమంటాను. ఎందుకో వివరిస్తాను. ఎదురుగా నిలబడి వివరించమంటే నా వల్ల కాదు, నలుగురిలో నాకు గొంతు పెగలదు. కాగితం మీద అయితే ఎంతసేపైనా వాదిస్తాను.

మీరే ఆలోచించండి. బంధువులను మనం ఎంచుకోలేం. పక్కింటివాళ్ళను ఎంచుకోలేం. ముదిగుబ్బ బస్సులో మన భుజం మీద తలవాల్చి గురక పెట్టే మనిషిని అసలే ఎంచుకోలేం. మనం ఎంచుకోగలిగినది కథల్లోని మనుషులను మాత్రమే. అక్కడ కూడా పిసినారులనూ, కోపిష్ఠులనూ, ఎదురు మాట్లాడేవాళ్ళనూ భరించాలా? ఇదేం న్యాయం!

మా ఊరి హైస్కూల్లో తెలుగు పరీక్షకు ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది: ఫలానావారి పాత్ర స్వభావాన్ని వివరించండి. పాఠం ఏదైనా, మనిషి ఎవరైనా నా జవాబు ఒక్కటే. "ఈయన మంచివాడు. దయగలవాడు. పెద్దల మాట జవదాటనివాడు. ఈయనను చూసి మనం ఎంతో నేర్చుకోవాలి." ఒకసారి పాఠం సరిగ్గా చదవకుండా, ఊరిని దోచుకున్న దొంగ గురించి కూడా ఇదే రాసేశాను. పూర్తి మార్కులు పడ్డాయి! దిద్దిన మాష్టారే ఒప్పుకున్న సూత్రాన్ని కాదనడానికి నేనెవరిని?

మరి టీవీ సీరియళ్ళలో దుర్మార్గపు అత్తలు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. కానీ వాళ్ళు పొద్దున లేచింది మొదలు పట్టుచీరల్లోనే తిరుగుతారు. పాలల్లో విషం కలిపేటప్పుడు కూడా జరీ అంచు నలగదు. మాది చేనేత కుటుంబం. వంటింట్లో కూడా పట్టుచీర కట్టుకునే మనిషిని పట్టుకొని చెడ్డదని అనడానికి మాకు నోరెలా వస్తుంది?

నన్నడిగితే ప్రభుత్వమే ఒక నిబంధన పెట్టాలి. కథలోకి వచ్చే ప్రతి పాత్రా తహశీల్దారు ఆఫీసులో సత్ప్రవర్తన సర్టిఫికెట్ తీసుకోవాలి. దాని జెరాక్స్ జతపరిచిన తర్వాతే మొదటి పేరాలో అడుగు పెట్టాలి. రచయితలకు ఎంత శ్రమ తగ్గుతుందో చూడండి! మనిషి ఎలాంటివాడో కిందా మీదా పడి చూపించనక్కర్లేదు. సర్టిఫికెట్ చూపిస్తే చాలు.

ఇంత గట్టిగా వాదించే అర్హత నాకెక్కడిదంటారా? నేనూ ఒక కథ రాశాను. అందులో కస్తూరి అనే అమ్మాయి ఉంది. ఆమె ఎవరికీ నచ్చలేదు. అనుభవం మీద చెబుతున్నాను.

మాది ధర్మవరం దగ్గర ఒక పల్లె. మా వీధిలో ఇంటికో మగ్గం ఉంటుంది. మా నాయన గంగాధరప్ప పట్టుచీరలు నేస్తాడు. అమ్మా నేనూ కండెలు చుడతాం, అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టడానికి దారాన్ని చిన్న గొట్టాలకు చుట్టిపెడతాం. ఈ ఏడాది నా ఇంటర్ అయిపోయింది. హిందూపురంలో డిగ్రీ సీటు వచ్చింది. అక్కడ హాస్టల్లో ఉండి తెలుగు చదవాలని నా కోరిక. నెలాఖరులోపల వెళ్ళి చేరకపోతే సీటు పోతుంది.

ధర్మవరంలో చేరితే సాయంత్రానికల్లా ఇంటికొచ్చి కండెలు చుట్టవచ్చు కదా అన్నది ఇంట్లోవాళ్ళ ఆలోచన. పెనుకొండలో కిరాణా అంగడి ఉన్న మా భాస్కరయ్య మామ ఇంకో మాట అన్నాడు. వాళ్ళింట్లో ఉండి పెనుకొండలో చదువుకోవచ్చట, ఖాళీ ఉన్నప్పుడు అంగట్లో కూర్చోవచ్చట. ఒక్క పిల్లకు మూడు ఊర్లలో భవిష్యత్తు సిద్ధంగా ఉంది. ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది?

మరి మీ నాయనను నేరుగా అడగకపోయావా అంటారు. అడిగాను. ఆయన కాదనలేదు. ఔననలేదు. మగ్గం ఆడించాడు.

మా నాయన ఎవరికీ అడ్డం చెప్పే మనిషి కాదు. ఇబ్బందైన ప్రశ్న వచ్చిందంటే మగ్గం వేగం పెరుగుతుంది, అంతే. టకటకల్లో మన ప్రశ్న మనకే వినబడదు. కాసేపు నిలబడి, కాళ్ళు లాగి, లోపలికి పోయి గిన్నెలు తోముకుంటాం. ఇలా మా ఇంట్లో ఎన్ని సమస్యలు శాంతియుతంగా పరిష్కారమయ్యాయో!

అందుకే కథ రాశాను. నేను అడగలేనిది కస్తూరి అడుగుతుందని. ఎవరూ పోల్చుకోకుండా మగ్గాలు తీసేసి గొర్రెలు పెట్టాను. మా నాయన స్థానంలో కుళ్ళాయప్ప అనే గొర్రెల కాపరి వచ్చాడు. హిందూపురాన్ని వట్టి పట్నం చేశాను. కస్తూరి పట్నంలో చదువుకుంటానని అడిగినప్పుడల్లా కుళ్ళాయప్ప గొర్రెలను అదిలించుకుంటూ లేచిపోతాడు. రోజుకు కాస్త రాసి, మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని.

ఇప్పుడు మా వీధిలో కథ ఎలా చదువుతారో చెప్పాలి. మా వాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు. అందుకని ఒకరు చదివితే మిగతావాళ్ళు పని చేసుకుంటూ వింటారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కింటి చౌడేశ్వరి చిన్నమ్మ మా గడపలో కూర్చొని, ఫోన్‌ను చెయ్యంత దూరం పెట్టుకొని చదువుతుంది. ఆమె మా చిన్నాయన భార్య. వీధిలో ఆమెదే మంచి గొంతు. పక్కన వాళ్ళ కూతురు వీణ, ఈసారే టెన్త్ పాసయింది, తల వంచుకొని కండెలు చుడుతుంటుంది. గోడకానుకొని మా అవ్వ ఆదిలక్ష్మమ్మ. మూలన రాట్నం దగ్గర అమ్మ. మగ్గం కింద కాళ్ళు దించుకునే గుంటలో నాయన.

మగ్గం ఆడుతున్నంతసేపూ గడప దగ్గరి మాట దాని వెనక కూర్చున్న మనిషికి వినబడదు. పోగు తెగితే అతకడానికి మగ్గం ఆగుతుంది. కండె అయిపోతే మార్చడానికి ఆగుతుంది. ఆ కాసేపట్లో చెవిన ఎంత పడితే అంతే మా నాయనకు కథ. అయినా ఆయన తీర్పు చెప్పకుండా ఉంటాడా? ఎవరుంటారు?

మా నాయన అదృష్టమో కస్తూరి దురదృష్టమో గానీ, పోగు తెగిన ప్రతిసారీ ఆమె "నేను ఒప్పుకోను" అంటూ ఉండేది. కండె అయిపోయిన ప్రతిసారీ "ఎందుకు పోకూడదు?" అంటూ ఉండేది. తెల్లవారుజామున లేచి ఊరందరికంటే ముందు నీళ్ళు పట్టిందే, గొర్రెపిల్లను రాత్రంతా ఒళ్ళో పెట్టుకొని కాపాడిందే, అవన్నీ టకటకల్లో కొట్టుకుపోయాయి. "ఏం పిల్ల అది? ఎప్పుడు చూసినా తగువే కదా," అన్నాడు నాయన, పోగు ముడివేస్తూ. ఆయన విన్నంత వరకు అది నిజమే. నేనేం మాట్లాడగలను?

అవ్వకు ఇంకో కొలత ఉంది. ఆమెకు మనుషులు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అన్నది అన్నం దగ్గర తెలుస్తుంది. "ఆ పిల్ల పొద్దున్నించి ఏమన్నా తినిందా?" అని అడిగేది. కథలో రాయలేదంటే తినలేదనే లెక్క. తినకుండా అలిగే పిల్ల ఆమెకు నచ్చదు. కాబట్టి మర్నాటి నుంచి కస్తూరి తినసాగింది. రాగిముద్ద తిని అడిగింది. మజ్జిగ తాగి ఏడ్చింది. కథ మధ్యలో ఆమెకు నిజంగా గుండె పగిలిన చోట కూడా ముందు రెండు ముద్దలు తినిపించి, ఆ తర్వాతే పగలనిచ్చాను. అవ్వ సంతోషించింది.

భాస్కరయ్య మామ పెనుకొండ అంగట్లో కూర్చొని గ్రూపులో చదివేవాడు. ఆయనకు మనుషులతో పనిలేదు, స్టైల్ కావాలి. "కథ పర్వాలేదు గానీ శైలి లేదు. సూర్యోదయం ఏదీ?" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనక ఎవరో పావుకిలో కందిపప్పు అడుగుతుండడం కూడా అందులో వినిపించింది. సరేనని ప్రతి భాగం మొదట్లో ఒక సూర్యోదయం పెట్టాను. అరుణకిరణాలు, బంగారు కాంతులు, అన్నీ వేశాను. చిన్నమ్మ చదివేటప్పుడు దాన్నంతా బొటనవేలితో పైకి తోసేసేది. ఆ విధంగా సూర్యుడు పెనుకొండలో ఉదయించి, మా వీధికి వచ్చేసరికి అస్తమించేవాడు.

ఇక పాల సంగతి. కథలో నీళ్ళ పాలు పోసే ఒక మనిషిని పెట్టాను. పేరు కూడా పెట్టలేదు, ఊరికే అలా వచ్చి పోతుంది. మర్నాడు పొద్దున మాకు పాలు పోసే మారెమ్మ వచ్చింది. ఆ రోజు పాలు ఎంత చిక్కగా ఉన్నాయంటే, కాస్తే మీగడ పొరలు పొరలుగా కట్టింది. "మీ పాప పాలను గురించి ఏందో రాస్తాండాదంట," అని మాత్రం అమ్మతో అనేసి పోయింది. వారమంతా మా వీధికి మునుపెన్నడూ చూడని పాలు వచ్చాయి. అమ్మ మారెమ్మ మనసు కష్టపెట్టవద్దని నాకు చెప్పింది. నేను కథలో ఆ పాలను చిక్కబరిచాను, ఆమెను పుణ్యాత్మురాలిని చేశాను. మర్నాటి నుంచి మా ఇంటికి మళ్ళీ పాత పాలే!

ఈ సంగతి గురించి అప్పుడే నేను కాస్త ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. మంచి పాత్రల ఉద్యమంలో మునిగి ఉన్నాను.

అన్నిటికంటే పెద్ద పాఠకురాలు మా చిన్నమ్మ. ఆమెకు కస్తూరి అంటే ప్రాణం, అందుకే ఆ పిల్లను మార్చాలని పట్టుదల. "ఇంత మంచి పిల్లకు ఆ నోరొక్కటే తక్కువైతే ఎంత బాగుండు," అని రోజూ అనేది. ఆమె మాట మీద కస్తూరి చేత నవ్వించాను, పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కించాను, గొంతు తగ్గించాను. కడకు ఆమెలో ఒకే ఒక దుర్గుణం మిగిలింది. అడుగుతుంది. దాన్ని తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు. తీసేస్తే కథలో గొర్రెలు తప్ప ఇంకేమీ మిగలవు.

నేను తీయకపోతే ఏమి? చిన్నమ్మ తీసింది!

"నేను పట్నం పోతాను నాయనా" అని నేను రాశాను. చిన్నమ్మ ఫోన్ చూస్తూ, ఎంతో మెత్తగా, "నీ ఇష్టం నాయనా" అని చదివింది.

వీణ తలెత్తింది. "ఆడ అట్ల లేదు కదమ్మా," అంది.

"నువ్వు ఊరికెనే ఉండు. వినేదానికి బాగుండల్ల," అంది చిన్నమ్మ.

నేను అక్కడే ఉన్నాను. రాసిన మనిషిని, నాలుగు అడుగుల దూరంలో. నోరు తెరిచాను కూడా. అప్పుడే మగ్గం అందుకుంది. నా సీటు గడువు దగ్గర పడుతోంది, నేను పెట్టుకున్న వకీలేమో కోర్టులో నిలబడి "నీ ఇష్టం" అంటోంది. నేను కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను. చూశారా, నిజజీవితంలో నేనెంత మంచి పాత్రనో! ఎంత అణకువ! ఏ పాఠకుడికైనా నచ్చి తీరతాను.

తర్వాత ఒకరోజు చిన్నమ్మ లేదు. వాళ్ళమ్మకు కళ్ళు చూపించడానికి పుట్టపర్తి ఆసుపత్రికి వెళ్ళింది. వీణ కూడా తోడు పోయింది. అయినా అవ్వ వేళకు గోడకానుకొని కూర్చుంది. కథ వినందే కునుకు తీయనంది.

"నువ్వు రాసిందే కదమ్మే, నువ్వే చదువు. నోరు అరిగిపోతాదా?"

బడిలో కూడా నేను ఎప్పుడూ లేచి నిలబడి పైకి చదివిన పిల్లను కాదు. మగ్గం వైపు చూశాను. మంచి ఊపులో ఆడుతోంది. ఆ చప్పుడు నాకు ధైర్యమిచ్చింది. పెద్ద దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది అది, దాని కింద ఏమన్నా బయటికి తెలియదు. అవ్వకు వినబడేంత గట్టిగా మొదలుపెట్టాను. చిన్నమ్మ చదివేటట్టు కాదు, రాసినట్టే చదివాను.

ఆ రోజు భాగంలో కస్తూరి గొర్రెల దొడ్డి తడికకు అడ్డంగా నిలబడుతుంది. రాగిముద్ద తినే వచ్చింది, అవ్వ ఆ విషయం నిర్ధారించుకుంది. కస్తూరి అంటుంది:

"నాయనా, పోవద్దంటే పోవద్దని చెప్పు. ఏడుస్తాను, మళ్ళా లేచి అన్నం తింటాను. ఒక్క మాటా చెప్పకుండా గొర్రెలను తోలుకొని పోతావే, అప్పుడు నేను ఎవరితో తగువులాడేది? గొర్రెలతోనా?"

'అప్పుడు నేను' దగ్గర మగ్గం ఆగిపోయింది. 'ఎవరితో తగువులాడేది' అన్నది ఇల్లంతా వినబడింది. 'గొర్రెలతోనా' వీధిలోకి కూడా వినబడి ఉంటుంది. నా గొంతు అంత పెద్దదని నాకు అప్పటివరకు తెలియదు.

పోగు తెగిందేమోనని చూశాను. తెగితే నాయన ముందుకు వంగుతాడు, వెతుకుతాడు. ఆయన వంగలేదు. కండె అయిపోయిందేమోనని చూశాను. నాడెలో కండె నిండుగా ఉంది, పొద్దున నేను చుట్టిందే. పోగులన్నీ ఎక్కడివక్కడ బిగువుగా ఉన్నాయి. మగ్గం ఆగడానికి ఏ కారణమూ లేదు.

"చదువు," అన్నాడు నాయన.

దుప్పటి లాగేశాక చదవడం ఎంత కష్టమో మీకు చెప్పలేను. మిగిలింది కొంచెమే. కుళ్ళాయప్ప అడ్డం నిలబడిన కూతురి వైపు చూడడు. తడికను ఇంకో పక్క నుంచి ఎత్తి, గొర్రెలను అటునుంచి తోలుకొని పోతాడు. అంతే. చదివేసి ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ రాట్నం కూడా ఎప్పుడు ఆగిందో తెలియదు.

"ఆ పిల్ల నాకు నచ్చలా," అన్నాడు నాయన.

అది పాత తీర్పే. నేను తలూపాను.

"సరే, అదట్ల ఉండనీ. ఆ కుళ్ళాయప్పనేంది, అట్ల రాసినావు? కన్నకూతురు అడ్డం నిలబడుకుంటే తడిక ఎత్తుకొని ఇంకో పక్క పోతాడా యాడన్నా? చదివేవాళ్ళు ఏమనుకుంటారు?" నేసిన చీర మీద చెయ్యి ఆనించాడు. "మంచోడని రాయి."

పాఠకులారా, నా సిద్ధాంతం ప్రకారం నేను వెంటనే ఒప్పుకోవాలి కదా! కథలో అందరూ మంచివాళ్ళే ఉండాలని వాదిస్తున్న మనిషిని. అందరినీ మార్చాను, మారెమ్మ పాలను కూడా మార్చాను, కుళ్ళాయప్ప ఒక్కడు ఎంత? కానీ ఇక్కడ రచనకు సంబంధించిన ఒక చిక్కు వచ్చింది. దాన్ని చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఎట్ల రాసేది నాయనా? ఆయప్ప ఏదన్నా మంచి చేస్తే కదా రాసేది."

మా నాయన ముందర నేను అన్న మాటల్లో ఇంత పొడుగుది ఇంతకుముందు లేదు. ఆయన నాడె వైపు చూశాడు. పై నుంచి వేలాడే తాడు వైపు చూశాడు. ఒకసారి ఆ తాడు లాగితే చాలు, మగ్గం మొదలవుతుంది, ఈ సంభాషణ ముగుస్తుంది. ఆయన లాగలేదు.

"ఏం జేస్తే మంచోడైతాడు?"

"హిందూపురం బస్సెక్కిస్తే చాలు."

కథలో హిందూపురం లేదు. పట్నం ఉంది. ఆ సంగతి నాకు అనేశాక గుర్తొచ్చింది. అమ్మ తల వంచుకొని రాట్నంలో లేని చిక్కును తీయడం మొదలుపెట్టింది. అవ్వ మాత్రం తలెత్తింది.

"టిక్కెట్టు గూడా తీస్తే ఇంకా మంచోడు," అంది.

నాయన తాడు లాగాడు. మగ్గం మొదలైంది, మామూలు కంటే వేగంగా. సరే, తడిక ఇంకో పక్క నుంచి లేచిందనుకున్నాను. లోపలికి పోయి గిన్నెలు తోముకున్నాను. తోమినవే మళ్ళీ తోమాను.

దీపాలు పెట్టే వేళకు నాయన గుంటలోంచి లేచి కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. నన్ను చూడకుండా, నేల మీద పడిన దారపు ముక్కలను ఏరుతూ అడిగాడు.

"హాస్టల్లో ట్రంకుపెట్టె పెట్టుకోనిస్తారా, బ్యాగులేనా?"

జవాబు నాకు తెలియదు. తెలిసినట్టే తలూపాను.

మర్నాడు కథ పూర్తిచేశాను. కుళ్ళాయప్ప ట్రంకుపెట్టెను తానే నెత్తిన పెట్టుకొని బస్సు దాకా మోసుకొస్తాడు. గొర్రెలు ఆ రోజు దొడ్డిలోనే ఉంటాయి. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి, టైర్లలో గాలి సరిగ్గా ఉందా అని కండక్టరును అడుగుతాడు.

గ్రూపు అదిరిపోయింది! ఎర్ర గుండెలు, చేతులు జోడించిన బొమ్మలు, కన్నీళ్ళు కార్చే ముఖాలు. భాస్కరయ్య మామ వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఫాదర్ క్యారెక్టర్ సూపరు పాపా. అంగట్లో కూర్చొని ఏడ్చినా. ఆడ ఒక సూర్యాస్తమయం పడుండాల్సింది." మారెమ్మ పాలు పోస్తూ ఆ నాయన మారాజని అంది. పుట్టపర్తి నుంచి వచ్చిన చిన్నమ్మ గడపలో కూర్చొని ఆ భాగాన్ని ఒక్క మాట మార్చకుండా చదివింది. మంచి మనిషిని గురించి మార్చడానికి ఏముంటుంది?

రెండు రోజులు వీధిలో ఎవరు ఎదురైనా మా నాయనతో కథ గురించే మాట్లాడారు. ఎంత గొప్ప నాయనను రాసిందప్పా నీ కూతురు అన్నారు. ఆ కుళ్ళాయప్ప ఎవరో మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన చొక్కా గుండీలు పైదాకా పెట్టుకొని తిరిగాడు.

మరి కస్తూరి?

"అంత మంచి నాయనను పట్టుకొని ఎన్ని మాటలు అనె చూడు," అన్నారు. తడికకు అడ్డం నిలబడకపోయినా ఆయన పంపించేవాడే కదా అన్నారు. అడగకుండా ఉండుంటే ఆయనే అడిగి మరీ పంపేవాడన్నారు. పిల్లలకు ఓపిక ఉండదన్నారు. కస్తూరికి ఒక్క గుండె బొమ్మ కూడా రాలేదు.

కాబట్టి నా సిద్ధాంతంలో ఒక చిన్న సవరణ చేసుకుంటున్నాను. కథలో అందరూ మంచివాళ్ళే ఉండాలి, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు అడగాలి, అడ్డం నిలబడాలి, ఎవరికీ నచ్చకూడదు. లేకపోతే మిగతావాళ్ళు మంచివాళ్ళు కావడానికి సందు ఎక్కడ దొరుకుతుంది? నీళ్ళ పాల మీద రాసిన వారం మారెమ్మ పాలు ఎంత చిక్కగా వచ్చాయో గుర్తుందా? సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు తహశీల్దారుగారు ఈ ఒక్క మినహాయింపును గమనించాలని మనవి. ఆ పాత్రకు ఏ పిల్లా దొరకకపోతే నన్ను పిలవండి. నాకు ఈ మధ్యే అలవాటైంది.

నేను హిందూపురం బయలుదేరే ముందు రోజు సాయంత్రం చిన్నమ్మ డబ్బా నిండా చెనక్కాయల పొడి, అదే వేరుశనగ పొడి, తెచ్చింది. ట్రంకుపెట్టెలో తానే సర్ది, బట్టలు సరిచేసి, మూత వేసింది. మళ్ళీ తీసింది. మళ్ళీ వేసింది. పక్కింట్లో మా చిన్నాయన మగ్గం ఆడుతోంది. ఆయనా మా నాయనా అన్నదమ్ములు, ప్రశ్నలకు జవాబు చెప్పే పద్ధతి ఒకటే.

"వీణకు పాలిటెక్నిక్‌లో సీటొచ్చినాది," అంది చిన్నమ్మ. "మీ చిన్నాయనను అడిగితే ఏమంటాడో నీకు తెలుసు కదా."

తెలుసన్నాను.

"దానికి గూడా ఒక కథ రాయి పాపా. గొర్రెలు మాత్రం వద్దు, కనుక్కుంటాడు. ఇంకేమన్నా పెట్టు."

"బర్రెలు?"

"బర్రెలైతే సరిపాయ."

నేను ఆమె ముఖంలోకి చూశాను. కస్తూరి నోరు తగ్గించమని రోజూ నా వెంటపడిన మనిషి. పాఠకుల అభిరుచిని గౌరవించాలి కాబట్టి ముందే అడిగాను.

"పిల్ల ఎట్లుండల్ల చిన్నమ్మా? అణకువగానా?"

చిన్నమ్మ వాళ్ళింటి వైపు చూసింది. మగ్గం ఆడుతూనే ఉంది.

"కస్తూరి మాదిరే ఉండనీ," అంది. "నేను ఏమీ మార్చకుండా చదువుతాలే."